ఏడో మనిషి కుడి కన్ను

మనిషి చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి సాఫీగా జారిపోతుందని అందరం అనుకుంటాం. శుద్ధ అబద్ధం. చూపు దూకుతుంది. ఒకచోట ఆగి, గభాలున ఇంకోచోటికి దూకి, మళ్ళీ ఆగుతుంది. దూకేటప్పుడు మధ్యలో ఉన్నదేదీ మనకి కనిపించనే కనిపించదు. కనిపించిందని అనుకుంటాం, అంతే. ఈ సంగతి అనకాపల్లి మెయిన్ రోడ్డులో గడియారాలు బాగుచేసే ఇసాక్ కూతురు సర్వర్ జహాన్‌కి పందొమ్మిదో ఏట తెలిసింది. తెలియకపోయినా బాగుండేదని ఆ తరవాత ఎన్నిసార్లు అనుకుందో, పాపం!

చెప్పింది త్రినాధరావు. అతనిది దేవరాపల్లి, చెరకు రైతుల ఇల్లు. విశాఖపట్నంలో ఒక కాలేజీలో లెక్కల లెక్చరరు. డాక్టరేటు కోసం ఎవరికీ పట్టని గొడవ ఒకటి నెత్తికెత్తుకున్నాడు. మనిషి చూపు ఇప్పుడు ఇక్కడుంటే, తరవాత ఎక్కడికి దూకుతుందో ముందే చెప్పే సమీకరణం రాయాలట. పనిలో కన్ను ఆరితేరినవాళ్ళు కావాలన్నాడు. బెల్లం పాకం చూసి దించేవాళ్ళు, ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాళ్ళు, గడియారాలవాళ్ళు, ఇలా పన్నెండు మందిని ఏరుకున్నాడు. అరవై ఆరు వేసవి సెలవుల్లో అనకాపల్లిలో మేనమామ బెల్లం గోడౌనులో ఒక గది ఖాళీ చేయించి సామాను దింపాడు.

గది కిటికీలకి గోనెపట్టాలు కట్టారు. ఎదురుగా నల్లటి పలక, దాని మీద మూడు వరసల్లో తొమ్మిది టార్చిలైటు బల్బులు. కూర్చున్నవాడి తల కదలకుండా గడ్డం ఆనించుకోవడానికి కొయ్య స్టాండు. ఎడమ కంటికి గుడ్డ కట్టేవాడు. పక్కనుంచి సన్నటి వెలుగు కుడి కంటి మీద పడి, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్కలా మెరిసేది. కన్ను కదిలితే చుక్క కదిలేది. సినిమా కెమెరా ఒకటి ఆ చుక్కని సెకనుకి పదహారు బొమ్మలు తీసేది. బల్బులు ఒకటి ఆరి ఒకటి వెలుగుతుంటే, వెలిగినదాన్ని చూడాలి. కూర్చున్నవాడికి అంతకంటే పని లేదు.

అసలు చాకిరీ ఫిలిం కడిగి తెచ్చాక. ఒక్కో బొమ్మనీ గోడ మీది గ్రాఫు కాగితం మీద వేసి, చుక్క ఎక్కడుందో చూసి, అడ్డం ఇంత, నిలువు ఇంత అని పుస్తకంలో రాయాలి. మనిషికి వెయ్యి బొమ్మల చొప్పున పన్నెండు మందికి పన్నెండు వేలు! త్రినాధరావుకి అంత ఓపికెక్కడిది? స్కూలు ఫైనల్లో లెక్కల్లో తొంభై రెండు తెచ్చుకుని, పై చదువు లేక ఇంట్లో కూర్చున్న సర్వర్ జహాన్‌ని ఎవరో చెబితే వచ్చి అడిగాడు. ఆ పిల్ల ఎగిరి గంతేసింది. వాళ్ళమ్మ నాగూర్‌బీ "ఆడపిల్ల గోడౌన్లో ఏటి సేత్తాది?" అని సణిగినా ఇసాక్ ఒప్పుకున్నాడు.

పనికి ఒక నియమం ఉంది. రెప్ప పడినప్పుడు చుక్క కనిపించదు. అలాంటి చోట 'రె' అని రాసి, ముందూ వెనకా ఉన్న అంకెల్ని బట్టి మధ్యలోది పూరించాలి. "మూడు బొమ్మలకి మించి పూరించకూడదు సర్వర్, మించితే అది మన ఊహ అయిపోతుంది, వాళ్ళ చూపు కాదు" అని త్రినాధరావు ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. ఆ పిల్ల తలూపింది.

ఏడో మనిషిగా కూర్చున్నవాడు ఇసాక్. ఆ రోజు ఆయన తలకి నూనె రాసుకుని, ఉతికిన లాల్చీ వేసుకుని, పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళాడు. ఎందుకు వెళ్ళడు మరి? వెంట్రుకవాసి స్క్రూలు, కనీకనిపించని పళ్ళచక్రాలు ముప్ఫై ఏళ్ళుగా ఆ కుడి కంటికే కదా వశమయ్యాయి! ఆ కన్నే ఆయన ఆస్తి. సగం పని అయ్యేసరికి ఆయనకి చిర్రెత్తుకొచ్చింది.

"బాబూ, ఆ ఎడమ పక్క బల్బులు ఎలగట్లేదు. సూసుకోండి."

"వెలుగుతున్నాయి సాయిబు గారూ," అన్నాడు త్రినాధరావు కెమెరా మీంచి తలెత్తకుండానే.

"ఏటెలగడం? ఇటుపక్క ఆరిపోతందా, అటు ఎలగట్లేదు. నాకు కళ్ళు లేవనుకున్నారేటి?"

అందరూ నవ్వారు. ఇసాక్ కూడా నవ్వాడు. మూల కూర్చుని పేర్లు రాసుకుంటున్న సర్వర్ జహాన్ కూడా నవ్వింది.

నవ్వు వారం దాటలేదు. నాన్న ఫిలిం కొలవడానికి కూర్చున్నప్పుడు ఆ పిల్లకి ఏదో తేడా తెలిసింది. మిగతావాళ్ళ కన్ను బల్బు వెలిగిన మూడు నాలుగు బొమ్మల్లో ఒక్క దూకుతో దాని మీద వాలిపోయేది. నాన్న కన్ను కుడివైపు బల్బులకి అలాగే వాలింది. ఎడమ వరసలో బల్బు వెలిగినప్పుడు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. పది బొమ్మలు, పన్నెండు బొమ్మలు అలాగే ఆగి, తరవాత పైకీ కిందకీ చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టు తారాడింది. దొరికేలోపు బల్బు ఆరిపోయేది. పట్టికలో బల్బుకొక గడి. ఎడమ వరసలో మూడు గళ్ళు, మూడింటికీ నేరుగా దూకిన దూకుళ్ళు సున్నా.

త్రినాధరావు ఆ పట్టిక చూసి జుట్టు పీక్కున్నాడు. ఏ గడి నుంచి ఏ గడికి ఎన్నిసార్లు దూకింది అన్న పట్టికే అతని సమీకరణానికి ప్రాణం.

"ఈ మూడూ సున్నాలైతే నేను దేంతో భాగించను? వైరు లూజై ఉంటాది. ఆయన చెప్పేరు కూడాను, మనమే వినిపించుకోలేదు. పోనీలే, మీ నాన్నగారిని వదిలేసి పదకొండు మందితో కానిచ్చేద్దాం."

వైరు లూజు కాలేదు. ఆ సంగతి ఆ గదిలో ఒక్క సర్వర్ జహాన్‌కే తెలుసు. బల్బుకి కరెంటు అందినప్పుడల్లా ఫిలిం అంచున సన్నటి తెల్లగీత పడేలా త్రినాధరావే అమర్చాడు. ఫిలిం చూసేది ఆ పిల్ల, అంకెలు చూసేది అతను. ఎడమ బల్బులు వెలిగిన ప్రతిసారీ గీత శుభ్రంగా ఉంది. బల్బు వెలిగింది, నాన్న చూడలేదు.

అప్పుడు నోరు విప్పి ఆ ఒక్కమాట చెప్పి ఉంటే! చెప్పలేదు. జబ్బన్న ఆలోచనే ఆ పిల్లకి రాలేదు. నాన్న సరిగ్గా చూడలేదంటే లెక్చరరు ముందు నాన్న పరువేం కావాలన్నదే వచ్చింది. "ఇంకోసారి కొలుస్తాను సార్, ఒక్క వారం" అంది.

ఇంటికెళ్ళేసరికి ఇసాక్ అరుగు మీద కూర్చుని, చెరకు బండి తోలే పక్కింటి బంగారయ్యకి చెబుతున్నాడు.

"నా కన్ను పుస్తకంలోకెక్కుతంది బావా. ఇంగ్లీషు పుస్తకం! రేపు దేశాలోళ్ళు సదువుతారు."

"నీకేటి బావా, నీ కన్ను కన్నా!" అన్నాడు బంగారయ్య.

మసీదులో చెప్పాడు, హోటల్లో చెప్పాడు, గడియారం ఇవ్వడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఇప్పుడు పన్నెండు మందిలో ఆయన్నొక్కణ్ణే తీసేశారంటే ఆ మనిషి రోడ్డు మీద తలెత్తుకుంటాడా? సర్వర్ జహాన్‌కి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు కొత్త పుస్తకం తీసింది. ఎడమ వరస బల్బు వెలిగిన చోటల్లా 'రె' అని రాసింది. నాన్న రెప్ప వేశాడు, అంతే, ఎవరు వెయ్యరు? మూడు బొమ్మలకి మించకూడదన్న నియమం ఉందిగా. మొదట నాలుగు పూరించింది. తరవాత ఆరు. తరవాత పన్నెండుకి పన్నెండూ పూరించేసింది. ఏ అంకెలతో పూరించాలన్నది పెద్ద చిక్కు కాలేదు. మిగతా మనుషుల సగటు ఉంది, సమీకరణం ఉంది. చూపు ఎక్కడికి దూకాలో అవి చెబుతున్నాయి, ఆ పిల్ల రాసుకుపోయింది. 

త్రినాధరావు లెక్క వేసి ఎగిరి గంతేశాడు. "చూసేవా సర్వర్! పన్నెండు మందిలో సమీకరణానికి అందరికంటే దగ్గరగా ఉన్నది మీ నాన్నగారి కన్నే!" ఉండదూ మరి? సమీకరణం నుంచి తీసిన అంకెలు సమీకరణానికి సరిపోక ఏం చేస్తాయి?

దసరాకి అతను మంచి కాగితం మీద టైపు చేయించిన ఉత్తరం ఒకటి తెచ్చాడు. ఇసాక్ గారి కుడి కంటి చలనం తమ పరిశోధనలో అత్యంత నిర్దుష్టంగా తేలిందని అందులో ఉంది. ఇసాక్ దాన్ని ఫ్రేము కట్టించి షాపులో పెట్టుకున్నాడు. ఎవరొచ్చినా చదివించేవాడు. సర్వర్ జహాన్ అటువైపు చూసేది కాదు.

ఆ చలికాలంలోనే మొదలైంది. ఎడమ పక్కనున్న టీ గ్లాసు మోచెయ్యి తగిలి పడింది. ఒకసారి పడిందంటే సరే, వారంలో మూడుసార్లు! గుమ్మం రెక్కకి భుజం కొట్టుకునేవాడు. ఎడమ పక్కనుంచి వచ్చిన సైకిలువాణ్ణి గుద్దుకుని వాణ్ణే తిట్టాడు. దీపం చుట్టూ రంగుల సున్నా కనిపిస్తోందని ఒక సాయంత్రం నాగూర్‌బీతో అన్నాడు.

"ఓపాలి పట్నం ఎల్లి కళ్ళ డాక్టరుకి సూపించుకోరాదేటండీ?"

"ఎందుకే? సూసేవా ఆ ఉత్తరం? మిషను పెట్టి, ఫిలిం తీసి, కొలిచి మరీ సెప్పేరు. డాక్టరేటి సేత్తాడు? టార్చిలైటేసి సూత్తాడు, అంతే కదా! యీళ్ళ కంటే ఆయనకి ఎక్కువ తెలుసా?"

ఆ మాట విన్నప్పుడల్లా సర్వర్ జహాన్ లోపల లెక్కపెట్టుకునేది. ఎడమ పక్క, ఎడమ పక్క! గ్లాసు ఎడమ పక్కదే, సైకిలు ఎడమ పక్కనుంచే. తను 'రె' అని రాసి మూసేసిన మూడు గళ్ళూ ఇప్పుడు ఇల్లంతా కనిపిస్తున్నాయి. ఇప్పుడు ఆ పిల్లకి అంతా అర్థమైంది. నాన్నని డాక్టరు దగ్గరికి వెళ్ళనివ్వకుండా గుమ్మానికి అడ్డం నిలబడింది తన అబద్ధమే. చెప్పాలి. ఈ శుక్రవారం చెబుదాం. రంజాను వెళ్ళనీ. ఈ నెల గడవనీ. సార్ డాక్టరేటు వచ్చేదాకా ఆగుదాం, లేకపోతే ఆయన కష్టమంతా బూడిదవుతుంది. మనిషికి చెప్పకుండా ఉండాలంటే కారణాలకేం కొదవ! అలా ఏడు నెలలు గడిపింది. ఆ ఏడు నెలల మీద నాకు ఒళ్ళు మండుతుంది. కానీ పందొమ్మిదేళ్ళ పిల్ల, తండ్రిని ప్రాణంగా చూసుకునే పిల్ల, ఏం అనగలను?

అరవై ఏడు జూలైలో ఒక మధ్యాహ్నం ఇసాక్ భోజనానికి బయల్దేరి షాపు మెట్టు దిగాడు. దిగినవాడు దిగినట్టు, ఎడమ పక్కనుంచి వస్తున్న బంగారయ్య బండి ముందుకెళ్ళి పడ్డాడు. బండి నొగ భుజానికి తగిలి బోర్లాపడ్డాడు. చక్రం జానెడు దూరంలో ఆగింది. అన్నం తెస్తున్న సర్వర్ జహాన్ క్యారియరు అక్కడే వదిలేసి పరిగెత్తింది.

"అరిసి సచ్చేను గదా బావా! అంతేసి ఎద్దులొత్తంటే కనపళ్ళేదేటి? కళ్ళెక్కడెట్టుకున్నావు?" బంగారయ్య పగ్గాలు లాగిపట్టుకుని కిందికి దూకాడు.

ఇసాక్‌కి దెబ్బకంటే ఆ మాట తగిలింది. మట్టి దులుపుకుంటూ లేచి షాపులోకి వేలు చూపించాడు.

"నా కళ్ళా? ఆ గోడ మీద సూడు నా కళ్ళేటో! ఎళ్ళి సదివించుకో!"

బంగారయ్య గొణుక్కుంటూ ఎద్దుల్ని అదిలించాడు. సర్వర్ జహాన్ తండ్రిని షాపులోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఇంటికి పరిగెత్తుకెళ్ళింది. నాన్న అసలు అంకెలున్న మొదటి పుస్తకం చించెయ్యడానికి ఆ పిల్లకి ఎప్పుడూ చేతులు రాలేదు. పెట్టె అడుగునుంచి దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అబ్బా," అని తండ్రిని పిలిచి, "ఆ ఉత్తరం అబద్ధం" అంది.

"ఏటన్నావు?"

"అందులోవి నీ అంకెలు కావు. నేను రాసినవి. నీ అంకెలు ఇవి."

ఒక్కో పేజీ తిప్పి చూపించింది. కన్ను ఎక్కడ ఆగిపోయిందో, ఎక్కడ తారాడిందో, తను ఎక్కడ 'రె' అని రాసిందో, ఎందుకు రాసిందో చెప్పేసింది. ఏడుస్తూనే చెప్పింది. ఇసాక్ పుస్తకాన్ని కుడివైపుకి జరుపుకుని, చాలాసేపు వంగి చూశాడు.

"ఎడమ పక్క దీపాలు ఎలిగేయా?"

"వెలిగేయి అబ్బా."

"అన్నీనా?"

"అన్నీ."

"నీకప్పుడే తెలుసా?"

"తెలుసు."

 ఆయన తిట్టలేదు, చెయ్యెత్తలేదు. తిడితే ఆ పిల్ల కొంచెం బతికేది. లేచి షాపు తలుపులు వేశాడు. మర్నాడు పొద్దున్న రైల్లో విశాఖపట్నం వెళ్ళారు.

పెద్దాసుపత్రి డాక్టరు ఇసాక్‌ని నల్లగుడ్డ ముందు కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, పుల్ల చివరనున్న తెల్లపూసని అంచుల నుంచి మధ్యకి జరుపుతూ, కనిపించిన చోటల్లా గుండుసూది గుచ్చాడు. రెండు కళ్ళకీ అలాగే చేశాడు. తరవాత ఆ సూదుల్ని చూసి కాగితం మీద గీత గీశాడు. ఎడమ కంటికి ఏమీ మిగల్లేదు. కుడి కంటికి మధ్యలో చిన్న గింజంత మిగిలింది.

"నీటికాసులు," అన్నాడు డాక్టరు. "కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని చంపేస్తుంది. నొప్పి ఉండదు. పక్కల నుంచి తినుకుంటూ వస్తుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి మనిషికి తెలీదు. మీ పని మరీ భూతద్దంలోంచి చూసే పని. పోయిన చూపు తిరిగి రాదు. ఆపరేషన్ చేస్తే ఉన్నది నిలబడొచ్చు, నిలబడకపోవచ్చు."

సర్వర్ జహాన్ సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చింది. ఇవి పోయినేడు మే నెల కొలతలని చెప్పింది. డాక్టరు ఒక్కో పేజీ చూస్తూ గ్రాఫు కాగితం మీద ఆ గళ్ళు వేసుకున్నాడు. 

"అప్పటికి కుడి కంట్లో ఎడమ అంచు మాత్రమే పోయిందమ్మా. మిగతాదంతా ఉంది. ఈ కాగితం పట్టుకుని అప్పుడే వచ్చి ఉంటే చుక్కలమందుతోనో, ఆపరేషన్‌తోనో ఆపేవాళ్ళం. ఆయన పని ఆయన చేసుకునేవారు." ఆగి, ఇంకో పేజీ తిప్పాడు. "ఎవరు తీశారు ఈ కొలతలు? నా దగ్గర పనిచేసేవాళ్ళు కూడా ఇంత జాగ్రత్తగా తియ్యరు."



"మా అమ్మాయే," అన్నాడు ఇసాక్.

ఆపరేషన్ అయింది. ఒత్తిడి నాలుగు నెలలు తగ్గి, మళ్ళీ పెరిగింది. మరుసటి ఏడాది ఎండాకాలానికి ఇసాక్‌కి పగలేదో రాత్రేదో తెలియడం తప్ప ఇంకేమీ మిగల్లేదు. షాపు పనిముట్లు ఒకరోజు తనే తడుముకుంటూ, ఏది ఏదో చెబుతూ, నాగూర్‌బీ చేత గుడ్డలో కట్టించాడు. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

సర్వర్ జహాన్ ఉత్తరం రాస్తే త్రినాధరావు పరుగున వచ్చాడు. పన్నెండు మందిని పదకొండు చేసుకుని మళ్ళీ మొదటినుంచి లెక్కలు వేసుకుంటున్నాడట. ఇసాక్ రెండు చేతులూ పట్టుకుని, "మీరు చెప్పేరు సాయిబు గారూ, వెలగట్లేదని చెప్పేరు, నేనే వినలేదు" అని ఏడ్చాడు. ఇసాక్ అతన్ని ఓదార్చాడు, టీ తాగించి పంపాడు.

కూతురి మీద కూడా ఇసాక్ ఏనాడూ విసుక్కోలేదు. ఆ పిల్ల వడ్డిస్తే తిన్నాడు. పేపరు చదివితే విన్నాడు. జ్వరమొస్తే పక్కన కూర్చుని నుదురు తడిమాడు. ఇరుగుపొరుగు అందరూ ఎంత మంచి మనిషి అన్నారు.

మసీదుకి ఆయన్ని ఎక్కువగా బంగారయ్యే తీసుకెళ్ళేవాడు. "కాలవుంది బావా" అంటే ఇసాక్ అడుగు పెద్దది చేసి దాటేసేవాడు. "రాయి" అంటే పక్కకి తప్పుకునేవాడు. మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. బంగారయ్య ఊళ్ళో లేని ఒక శుక్రవారం సర్వర్ జహాన్ ఆయన చెయ్యి పట్టుకుని బయల్దేరింది. వాకిలి చివర ఆగి, "అబ్బా, ముందు మెట్టుంది" అంది.

ఇసాక్ ఆగాడు. మెల్లగా చెప్పు విప్పి, వట్టికాలు ముందుకు చాచి, మెట్టు అంచు దొరికేదాకా తడిమి చూసుకుని, అప్పుడు దిగాడు.